చూసినవాళ్లని ఏమడగాలి?

ఫిల్మ్ స్కూళ్లలో డిప్లొమా సినిమాలు ఎడిటింగ్‌కి వచ్చే రోజుల్లో ఈ వాదన తప్పకుండా పుడుతుంది. ఇంకా పూర్తికాని కూర్పుని, అంటే రఫ్ కట్‌ని, బయటివాళ్లకు చూపించాలా, వద్దా? చూపిస్తే వాళ్లన్న మాట ఎంతవరకు చెవిన పెట్టాలి? ఇక్కడ మాట్లాడుతున్న ఇద్దరినీ నేనే కల్పించాను. ఒకడు హైదరాబాద్‌లో చివరి ఏడాది దర్శకత్వం చదువుతున్న కుర్రాడు. ఇంకొకరు అదే స్కూల్లో కొన్నేళ్ల ముందు చదువుకుని, ఇప్పుడు ఎడిటర్‌గా పనిచేస్తున్న అమ్మాయి. కుర్రాడి సినిమా పద్దెనిమిది నిమిషాలు. ఒక ఆర్టీసీ కండక్టర్ చివరి రోజు డ్యూటీ. తెల్లవారుజామున డిపోలో మొదలై, రాత్రి టిక్కెట్ మిషనూ సంచీ అప్పజెప్పి ఇంటికి నడవడంతో అయిపోతుంది. అది చివరి రోజని సినిమాలో ఎవరూ నోటితో చెప్పరు.

వాదనలో నేను ఎడిటర్ వైపు. అయినా కుర్రాడి మాటల్లో కొట్టిపారేయలేనివి ఉన్నాయి. వాటిని పలచన చేసి రాస్తే సంవాదం రాసి లాభం లేదు.

దర్శకుడు: అక్కా, ముందే చెప్పేస్తున్నా. ఇప్పుడు ఎవరికీ చూపించను. సౌండ్ అయ్యి, కలర్ గ్రేడింగ్ అయ్యి, సినిమా పూర్తయ్యాకే చూస్తారు.

ఎడిటర్: అప్పుడు వాళ్లేదైనా చెబితే ఏం చేస్తావు?

దర్శకుడు: వింటాను.

ఎడిటర్: మార్చే వీలున్నప్పుడు వినవు, వీల్లేనప్పుడు వింటావు. అంతేనా?

దర్శకుడు: ఎందుకో చెప్తా విను. ఈ సినిమాకి నిర్మాత లేడు, డిస్ట్రిబ్యూటర్ లేడు, మొదటి రోజు కలెక్షన్ అన్న మాటే లేదు. నా జీవితంలో ఇలాంటి సినిమా మళ్లీ దొరకదు. రేపు బయటికి వెళ్లాక నేను రాసే ప్రతి సీన్ దగ్గర ఎవరో ఒకరు ‘జనానికి ఎక్కుతుందా’ అని అడుగుతారు. అడగనిది ఈ ఒక్కసారే. దీనికి కూడా నేనే వెళ్లి జనాన్ని పిలుచుకొచ్చి తీర్పు చెప్పమని కూర్చోబెట్టాలా?

ఎడిటర్: నువ్వు చెప్పిన కారణాలే నావీ. డబ్బు లేదు కాబట్టే చూపించమంటున్నా. బయట ప్రివ్యూ వేసినప్పుడు హాల్లో అందరికీ భయం. ఒకచోట జనం కదిలితే ఆ సీన్ లేపెయ్యమని అదే రాత్రి ఫోన్లు వస్తాయి. నీ సినిమాకి ఆ ఫోన్ చేసేవాడు లేడు. చూసినవాళ్లు ఏమన్నా నీ కట్ మీద చెయ్యి వేసే హక్కు ఎవరికీ లేదు. భయం లేకుండా వినగలిగే అవకాశం కూడా నీకు మళ్లీ దొరకదు తమ్ముడూ.

దర్శకుడు: వినడంతో ఆగదక్కా. దర్శకుడు ఆర్సన్ వెల్స్‌కి ఏమైందో నువ్వే చెప్పావు. 1942 మార్చి 17న పొమోనా అనే ఊళ్లో ‘ది మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్’ ప్రివ్యూ వేశారు. జనం నవ్వకూడని చోట నవ్వారు, అభిప్రాయం రాయమని ఇచ్చిన కార్డుల మీద తిట్టి రాశారు. వెల్స్ బ్రెజిల్‌లో ఇంకో సినిమా తీస్తున్నాడు. ఆర్‌కేవో స్టూడియో రెండు గంటల పైచిలుకు సినిమాని 88 నిమిషాలకు కోసేసింది. ముగింపు మళ్లీ తీయించి అతికించింది. కోసేసిన నెగెటివ్‌ని కూడా మిగల్చలేదు. ఆయన అనుకున్న సినిమా చూద్దామంటే ఇవాళ మనకు లేదు. ఒక్క సాయంత్రం, కొన్ని కార్డులు చాలాయి దానికి.

ఎడిటర్: ఆ సాయంత్రం ఆ హాల్లో అంతకుముందు ఏం వేశారో కూడా చెప్పాను. ‘ది ఫ్లీట్స్ ఇన్’. నావికుల మీద పాటలూ డాన్సులూ ఉన్న సరదా సినిమా. దానికోసం వచ్చిన జనం ముందు, అది అవగానే, ఒక పెద్దింటి కుటుంబం చితికిపోయే కథ వేశారు. అమెరికా యుద్ధంలోకి దిగి నాలుగు నెలలు కూడా కాలేదు. ఆ కార్డుల మీద సినిమా గురించి ఎంతుందో, ఆ పూట జనం మనసు గురించి ఎంతుందో ఎవరు తేల్చారు? ఆ తర్వాత పాసడీనాలో వేస్తే స్పందన మెరుగ్గానే వచ్చింది. దాన్ని పట్టించుకోలేదు. ఎవర్ని అడిగారో, ఏ పరిస్థితిలో అడిగారో చూడకుండా, వచ్చిన జవాబుని దర్శకుడు లేని గదిలో అమలు చేశారు. నాకు కోపం వచ్చేది అక్కడ.

దర్శకుడు: సరే, సరిగ్గానే అడుగుదాం. జనం ఏం కోరతారు? అంతకుముందు చూసినవే కోరతారు. నా కండక్టర్ ఖాళీ బస్సులో కూర్చుని చిల్లర లెక్కపెట్టుకునే షాట్ ఉంది, దాదాపు నిమిషం. ఎవడు చూసినా ఒకటే మాట, ‘ల్యాగ్’. మనిషి మాట్లాడకపోతే ల్యాగ్, మ్యూజిక్ లేకపోతే ల్యాగ్. 1980లో ‘శంకరాభరణం’ వచ్చినప్పుడు మొదటి రోజుల్లో హాళ్లు నిండలేదు. ఆ వారం రోడ్డు మీద నిలబడి జనాన్ని అడిగుంటే, ఈ శాస్త్రీయ సంగీతం తగ్గించి రెండు ఫైట్లు పెట్టమనేవాళ్లు.

ఎడిటర్: రోడ్డు మీదవాళ్లని అడిగితే అలాగే అంటారు, వాళ్లు సినిమా చూడలేదు. లోపల కూర్చున్నవాళ్లని అడగాలి. నిండని ఆ హాళ్లలో చూసిన కొద్దిమందే కదా ఇంటికెళ్లి పక్కవాళ్లకి చెప్పింది? వాళ్ల నోటిమాట మీదే జనం కదిలారు. నువ్వు ఉదాహరణగా తెచ్చిన సినిమాని నిలబెట్టింది ప్రేక్షకుడి మాటే.

ఇక ల్యాగ్ సంగతి. ఆ మాట దగ్గర ఆగిపోతే నీకేమీ దొరకదు. ఏ చోట అనిపించింది, ఆ క్షణంలో దేనికోసం ఎదురుచూస్తున్నారు, అది అడగాలి. నీ చిల్లర షాట్ నిడివి నాకు సరిగ్గానే ఉంది. కాకపోతే ఆ రోజు చివరిదని తెలిసినవాడు చూసే నిమిషం వేరు. తెలియనివాడికి ఎవరో డబ్బులు లెక్కపెట్టుకుంటున్నాడు, అంతే.

దర్శకుడు: చివర్లో తెలుస్తుంది కదా. సంచీ, మిషనూ అప్పజెబుతాడు.

ఎడిటర్: మొన్న నీతో చెప్పే మా అసిస్టెంట్లకి చూపించాను. ఏమనుకున్నారో తెలుసా? ఆయన్ని సస్పెండ్ చేశారనుకున్నారు.

దర్శకుడు: సస్పెండా?

ఎడిటర్: మధ్యలో చెకింగ్ స్క్వాడ్ ఎక్కుతుంది. ఒక ముసలమ్మ దగ్గర టిక్కెట్ ఉండదు. కండక్టర్ తలొంచుకుని నిలబడతాడు. ఇన్‌స్పెక్టర్ ఏదో రాసుకుని దిగిపోతాడు. అక్కడితో వాళ్లకి కథ ఖాయమైపోయింది, ఈయన మీద కేసు రాశారు, ఉద్యోగం ఊడుతుంది అని. ఆ తర్వాత నువ్వు పెట్టిన ప్రతి షాటూ దాన్నే బలపరిచింది. చిల్లర లెక్కపెడుతుంటే, తక్కువొచ్చిందేమో అని భయపడుతున్నాడనుకున్నారు. సంచీ అప్పజెబితే శిక్ష పడిందనుకున్నారు. ఇంటికి నడుస్తుంటే, ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక నడుస్తున్నాడనుకున్నారు. సినిమా వాళ్లకి బాగా నచ్చింది కూడా. నువ్వు తీసిన సినిమా అది కాదు, అంతే.

దర్శకుడు: ఆ సీన్ నేను పెట్టింది దానికి కాదక్కా. సర్వీసంతా ఒక్క మాట పడని మనిషి, చివరి రోజు ఆ ముసలమ్మని కాపాడటానికి తనే మాట పడతాడు. అందుకు పెట్టాను.

ఎడిటర్: నాకు తెలుసు, స్క్రిప్ట్ చదివాను. నీకు తెలుసు, రాశావు. ఏమీ తెలియకుండా ఈ సినిమా చూసే వీలు ఇక మనిద్దరికీ లేదు. అందుకే ఇంకొకరు కావాలి.

ఇక్కడ నేను కాస్త కలగజేసుకుంటాను. ‘అపోకలిప్స్ నౌ’కి ఎడిటింగ్ బృందంలో ఉండి, శబ్దం కూడా రూపొందించిన వాల్టర్ మర్చ్, ‘ఇన్ ది బ్లింక్ ఆఫ్ యాన్ ఐ’ అనే చిన్న పుస్తకంలో ఈ సంగతి గురించి రాశాడు. మోచెయ్యి నొప్పి అని వచ్చినవాడి మోచెయ్యి కోసేస్తే లాభం లేదు, అసలు దెబ్బ భుజం దగ్గర నరానికి తగిలి ఉండొచ్చు అంటాడు. ప్రేక్షకులు ‘ఈ సీన్ నచ్చలేదు’ అన్నప్పుడు ఆ సీన్ తీసేయడానికి తొందరపడొద్దని, దానికి ముందు వాళ్లకి అందాల్సింది ఏదో అందలేదేమో వెతకమని ఆయన సలహా. కుర్రాడి సినిమాలో జరిగింది అచ్చంగా ఇదే. ల్యాగ్ అంటారని అతను భయపడింది చిల్లర షాట్ దగ్గర. లోపం ఉన్నది స్క్వాడ్ సీన్‌లోనో, అంతకంటే ముందు డిపోలోనో. నొప్పి ఉందన్నది చూసినవాడు చెప్పగలడు. దానికి మందు అతన్ని అడగడం అన్యాయం, అతనికీ సినిమాకీ కూడా.

దర్శకుడు: అయితే మందు వాళ్లు చెప్పకూడదు. మరి చెబుతారు కదా? సినిమా చూసిన ప్రతివాడూ మొదట చెప్పేది మందే. ‘ఫ్లాష్‌బ్యాక్ పెట్టు, వాయిస్ ఓవర్ పెట్టు’ అంటారు. ప్రివ్యూల్లో జనానికి అర్థం కాలేదని ‘బ్లేడ్ రన్నర్’కి హీరో గొంతుతో వ్యాఖ్యానం అతికించారు, 1982లో. పదేళ్ల తర్వాత అది తీసేసిన కట్ విడుదల చేశారు. ‘జాస్’ తీసుకో. 1975లో ప్రివ్యూలు బ్రహ్మాండంగా జరిగినా స్పీల్‌బర్గ్‌కి హాల్లో ఇంకో కేక కావాలనిపించింది. మునిగిన పడవ చిల్లులోంచి శవం తల బయటికొచ్చే షాట్‌ని ఎడిటర్ వెర్నా ఫీల్డ్స్ ఇంటి స్విమ్మింగ్ పూల్‌లో, నీళ్లు మసకగా కనబడటానికి పాలపొడి కలిపి తీశాడు. కేక వచ్చింది. కానీ ఆ తర్వాత షార్క్ నీళ్లలోంచి లేచే చోట అంతకుముందు వచ్చినంత కేక రాలేదని ఆయనే చెప్పాడు.

ఎడిటర్: మంచి ఉదాహరణ. ఆ లెక్క ఆయనకి ఎలా తెలిసింది? ముందొకసారీ, తర్వాతొకసారీ హాల్లో ఉండి విన్నాడు. ఒకచోట మారిస్తే ఇంకోచోట ఏం తగ్గుతుందో చెప్పే పద్ధతి నాకు తెలిసి ఇంకోటి లేదు.

దర్శకుడు: సరే. మరి ఏం అడుగుతావు వాళ్లని? స్కూల్లో ఒక ఫారం ఉంది. నటనకి పదికి ఎన్ని, కెమెరాకి ఎన్ని, కథకి ఎన్ని.

ఎడిటర్: అది వాడకు. కథకి ఏడు వేశారనుకో, ఆ ఏడుతో ఏ కట్ మారుస్తావు? నేను అడిగేది ఒక్కటే. కథ చెప్పమంటాను.

దర్శకుడు: ఏ కథ?

ఎడిటర్: నీ సినిమా కథే. చిన్నప్పుడు మన ఇళ్లలో ఒకళ్లు సినిమాకి వెళ్లొస్తే, వెళ్లనివాళ్లంతా చుట్టూ చేరి కథ చెప్పించుకునేవాళ్లు కదా. పేర్లు పడటం దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఫైట్‌కి నోటితో మ్యూజిక్ వాయించి మరీ చెప్పేవాళ్లు. వినేవాడు ఊరుకోడు, ‘మరి వాడెందుకు వచ్చాడు అక్కడికి’ అని అడ్డం తగులుతాడు. అదే పెట్టు. ఒకరికి సినిమా వెయ్యి. చూడనివాళ్లని ఇంకొకళ్లని తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టు. చూసినవాళ్లు చూడనివాళ్లకి కథ చెప్పాలి. నువ్వు ఆ గదిలో ఉండకు. ఫోన్‌లో రికార్డ్ చేసి తర్వాత విను. ఏ సీన్ వదిలేశారు, ఏది ముందుది వెనక్కి చెప్పారు, నువ్వు తీయని సీన్ ఏది కలిపారు, అన్నీ తెలుస్తాయి. ‘అప్పుడు ఆయన రిటైర్ అయిపోతాడన్నమాట’ అని ఎక్కడ అంటారో చూడు. స్క్వాడ్ సీన్‌కి ముందే అన్నారా, చివర్లో అన్నారా, అసలు అన్లేదా. నీకు కావలసిన సమాచారం అది. వాళ్లకి నచ్చిందో లేదో అడగాల్సిన పనే లేదు. నచ్చిన సీన్‌ని మనిషి పరుగెత్తి చెప్పడు, ఆగి ఆగి చెబుతాడు.

దర్శకుడు: మనవాళ్లతో ఉన్న ఇంకో ఇబ్బంది కూడా దీంతో పోతుందేమో. ఎదురుగా నిలబడి అడిగితే ‘బాగుంది, చాలా బాగుంది, మంచి ప్రయత్నం’ అంటారు. అన్నం పెట్టినవాడు ఎలా ఉందని అడిగితే పడే మొహమాటం లాంటిది. మా క్లాస్‌లో ఒకమ్మాయి తన సినిమా అందరూ బాగుందన్నారని ఎడిటింగ్ లాక్ చేసేసింది. ఫైనల్ స్క్రీనింగ్‌లో హాల్లో ఒక్కరికీ ముగింపు అర్థం కాలేదు.

ఎడిటర్: అందుకే గుంపులో చర్చ పెట్టకముందు ఎవరిది వాళ్లు చెప్పాలి, లేదా రాయాలి. 1951లో సాలమన్ యాష్ అనే ఆయన అమెరికాలో ఒక ప్రయోగం చేశాడు. గీతల పొడవు పోల్చి చెప్పాలి, అంతే. చూస్తేనే తెలిసిపోయే జవాబు. ముందు మాట్లాడినవాళ్లంతా కావాలని ఒకే తప్పు చెబితే, తర్వాతివాడు కూడా మూడింట ఒక వంతు సార్లు ఆ తప్పే చెప్పాడు. గీత విషయంలోనే అలా ఉంటే, సినిమా అయ్యాక మొదట మైక్ పట్టుకున్న పెద్దమనిషి ఏమంటే హాలంతా అటే పోదూ?

దర్శకుడు: రవీంద్రభారతిలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉంది కదా, ‘సినివారం’లో కొత్తవాళ్ల సినిమాలు వేసి తర్వాత మాట్లాడతారు. అలాంటి చోట వేస్తే?

ఎడిటర్: తప్పకుండా వెయ్యి, పూర్తయ్యాక. పరాయి జనంతో కలిసి చూడటం నీకు అవసరం. ఇప్పుడు మాత్రం అంతమందికి వద్దు. ఒక మనిషి ఒక సినిమాని మొదటిసారి చూసేది ఒక్కసారే. తెలిసినవాళ్లందరికీ రఫ్ కట్టే చూపించేస్తే, మార్చిన కట్ చూడటానికి కొత్త కళ్లు మిగలవు. విడతకి ఐదారుగురు చాలు. సౌండ్ తాత్కాలికంగానైనా సరిచెయ్యి. బస్సు రొదలో డైలాగ్ వినబడకపోతే, వచ్చే జవాబులన్నీ దాని గురించే. వాట్సాప్‌లో లింక్ మాత్రం పంపకు. ఎక్కడో ఆపి, టీ తాగొచ్చి మళ్లీ చూసినవాడు ఏం చెప్పినా నీకు పనికిరాదు. వేసేముందు ‘ఇది రఫ్ కట్, ఇంకా గ్రేడింగ్ కాలేదు’ అన్న సంజాయిషీలూ వద్దు. సినిమా నడుస్తున్నంతసేపూ నువ్వు పక్కగోడ దగ్గర కూర్చుని తెర చూడకుండా మొహాలు చూడు. కుర్చీ కిర్రుమన్న చోటు, ఫోన్ వెలిగిన చోటు టైమ్‌తో సహా రాసుకో.

దర్శకుడు: ఎవర్ని పిలవాలి? మా బ్యాచ్‌వాళ్లు లెన్స్ ఏంటి అని అడుగుతారు.

ఎడిటర్: వాళ్లు ఒక్కరిద్దరు చాలు. ముందు కండక్టర్లని పిలు.

దర్శకుడు: వాళ్లు సినిమా ఎక్కడ చూస్తారు? సంచీ అలా తగిలించుకోరు, మిషన్ అలా పట్టుకోరు, ఇవే చెబుతారు.

ఎడిటర్: అవి తప్పయితే తెలియొద్దా? ఒకటి అడుగుతా చెప్పు. రిటైర్‌మెంట్ ఏ రోజు వస్తుంది?

దర్శకుడు: నెలాఖరున.

ఎడిటర్: నీ సినిమాలో డిపో గోడ మీద క్యాలెండర్ ఉంది. ఏ తేదీ?

దర్శకుడు: చూసుకోలేదు. షూటింగ్ రోజు ఏదుంటే అది.

ఎడిటర్: పదకొండు. ఉద్యోగస్తుల ఇళ్లలో పెరిగిన ఎవరైనా, ముప్పయ్యో ముప్పయ్యొకటో కనబడగానే సగం పట్టేస్తారు. నోటితో చెప్పనక్కర్లేదు, వాయిస్ ఓవర్ అక్కర్లేదు. ఇంకోటి కూడా వాళ్లు అడుగుతారు చూడు. చివరి రోజున తోటివాళ్లు దండ వేసి పంపకుండా ఉంటారా? నీ కండక్టర్‌కి దండ వెయ్యలేదు. వద్దని ఆయనే అన్నాడా, ఎవరికీ చెప్పలేదా? నువ్వు దాన్ని ఆలోచించి వదిలేశావా, ఆలోచించకుండా వదిలేశావా?

దర్శకుడు: ఆలోచించలేదు. కానీ దండ వేస్తే నా సినిమా అక్కడే ఏడుపు సినిమా అయిపోతుంది.

ఎడిటర్: వెయ్యమని నేను అనట్లేదు. దండ ఎందుకు లేదో నీకు తెలిసి ఉండాలి.

దర్శకుడు: మరి కండక్టర్ల బతుకు తెలియనివాళ్ల సంగతి? ఎక్కడో ఫెస్టివల్లో చూసేవాళ్లకి ఈ నెలాఖరు లెక్క ఏం తెలుస్తుంది? వాళ్లకోసం వివరిస్తూ పోతే మనవాళ్లకి విసుగు.

ఎడిటర్: 2024లో కాన్ ఫెస్టివల్లో విద్యార్థుల విభాగం లా సినెఫ్‌లో మొదటి బహుమతి పుణె ఎఫ్‌టీఐఐ సినిమాకి వచ్చింది, చిదానంద నాయక్ తీసింది. ‘సన్‌ఫ్లవర్స్ వర్ ది ఫస్ట్ వన్స్ టు నో’. కన్నడ జానపద కథ. ఒక ముసలామె ఊరి కోడిని ఎత్తుకుపోతుంది, ఊరికి తెల్లారదు. ఆ కథ వినకుండా పెరిగినవాళ్లే అక్కడి జ్యూరీ. కోడి పోయింది, తెల్లారలేదు అన్నది తెర మీద స్పష్టంగా ఉంటే చాలు, మిగతాది వాళ్లే పట్టుకుంటారు. నీ కండక్టర్‌కి ఇవాళ ఏదో ముగుస్తోందన్నది అందరికీ అందాలి. నెలాఖరు మన ఇళ్లవాళ్లకి అదనంగా అందుతుంది.

దర్శకుడు: సరే, ఒప్పుకుంటున్నా, చూపిద్దాం. కానీ చివరి షాట్ గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యకూడదు. ఆయన ఇంటి మలుపు తిరగకముందే కట్. ఇంట్లోకి వెళ్లడం చూపించు అంటారు అందరూ. చూపించను.

ఎడిటర్: ప్రశ్న వెయ్యను. కథ చెబుతూ వాళ్లంతట వాళ్లే అక్కడికొస్తే మాత్రం ఆపను.

దర్శకుడు: వస్తే రానీ. మార్చను.

ఎడిటర్: మార్చొద్దు. ఎందుకు మార్చవో స్క్రీనింగ్‌కి ముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకో. తర్వాత రాస్తే వాళ్లకి జవాబు రాస్తావు, నీ ఉద్దేశం కాదు. నాకైతే ఆ షాట్ ఇంకాస్త ముందే కట్ కావాలి.

దర్శకుడు: అది కూడా కుదరదు.

ఎడిటర్: సరే, నీ సినిమా.

దర్శకుడు: కండక్టర్లంటే, మా నాన్నతో పనిచేసినవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. అడిగితే వస్తారు. మా నాన్నని మాత్రం పిలవలేనక్కా. ఆయన ఏమంటాడో విని ఆ సినిమా మార్చడం నావల్ల కాదు.

ఎడిటర్: ఆయన్ని పిలవకు. ఆయన పూర్తయిన సినిమానే చూడాలి, సౌండ్‌తో, పెద్ద తెర మీద. మిగతావాళ్లకి ఎప్పుడు వీలు?

దర్శకుడు: సెకండ్ షిఫ్ట్ వాళ్లయితే పొద్దున్న రాగలరు.

ఎడిటర్: అయితే వచ్చేవారం, పదింటికి. ఈలోపు డిపోకెళ్లి ఆ క్యాలెండర్ షాట్ మళ్లీ తీసుకురా.